శరణాగతుఁడును శంకయు: ఒక నవలా విమర్శనము

శరణాగతరక్షణమును గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడెల్ల యుద్ధకాండలోని విభీషణఘట్టమును బ్రమాణముగాఁ గొనుట పండితుల వాడుక. అచటి వాదమంతయు శంకపై నిలిచినది. శత్రుదేశమునుండి నలువు రనుచరులతో వచ్చినవాఁడు వేగులవాఁడేమో యని సుగ్రీవాదులు శంకించిరి. సోదరునిచే వెడలఁగొట్టఁబడి రాము నాశ్రయించిన సుగ్రీవుఁడే మఱియొక యాశ్రితుని వధింపవలె ననుట గమనింపఁదగినది. హనుమంతుఁడు మాత్రము పరిగ్రహించుట మేలనెను. రాముని నిర్ణయము వచ్చినవాని శీలముపై నాధారపడలేదు. వాఁడు దుష్టుఁడైనను గాకున్నను అభయ మీయవలసినదే యని యాతని మతము.

ఈ శంకయే ప్రాణముగా వెలసిన యాధునికగ్రంథము వియత్ థాన్ న్గుయెన్ రచించిన 'ది సింపథైజర్' అను నాంగ్లనవల. ఇది 2015లో వెలువడి 2016లో పులిట్జరు బహుమానము నందెను. గ్రంథకర్త 1971లో వియత్నామునఁ బుట్టి, 1975లో బాల్యముననే తల్లిదండ్రులతో శరణార్థియై అమెరికా చేరినవాఁడు.

కథ తెలియుటకుఁ జరిత్ర కొంత తెలియవలెను. 1975 ఏప్రిలు 30న సైగాను పతనమయ్యెను. ఆ యేఁడు రమారమి 1,30,000 మంది శరణార్థులు అమెరికా చేరిరి. వారిని నాలుగు సైనికశిబిరములలో నుంచి, పోషణకుఁ బూచీపడు గృహస్థుఁడో సంఘమో దొరకినపిదప వెలుపలికిఁ బంపిరి. ఆ సంవత్సరము గాలప్ సంస్థవారు ప్రజాభిప్రాయమును సేకరింపఁగా నూటికి 54 మంది వారి రాక వలదనిరి. 36 మంది మాత్రమే సమ్మతించిరి. యుద్ధవిరోధియై 1972లో అధ్యక్షపదవికిఁ బోటిచేసిన మెక్‌గవర్న్ సైతము వారు స్వదేశమున నుండుటయే మేలనెను. యుద్ధమును గోరినవారికి వారు పరాజయమును స్మరింపఁజేయువారు. యుద్ధమును నిరసించినవారికిఁ దగని పక్షమువారు. కనుక వారికి రెండుదిక్కులను స్వాగతము కొఱవడెను.

నవలానాయకునకుఁ బేరు లేదు. ఫ్రెంచి మతాచార్యునకును వియత్నాము స్త్రీకిని జనించినవాఁడు. దక్షిణ వియత్నాము సేనాని యొద్ద నధికారియై యుండి రహస్యముగాఁ గమ్యూనిస్టులకు వేగు నడపును. ఆ సేనానితోడనే కాలిఫోర్నియా చేరును. అనఁగా సుగ్రీవుఁడు దేనిని శంకించెనో యది యిచట నిజమే. సామాన్యరచయిత శరణార్థిని నిర్దోషిగాఁ జిత్రించి పాఠకుని జాలిని సులభముగా నార్జించియుండును. ఈ గ్రంథకర్త యట్లు చేయలేదు. ఇది నవలకుఁ బ్రధానగుణము.

అయినను ఆ వేగులవానివలనఁ జెడినవా రెవరు? సేనానికి ద్రోహశంక పుట్టఁగా నాయకుఁడు దానిని దనపైనుండి మరలించి నిర్దోషియగు నొక మేజరుపైఁ ద్రోయును. ఆ మేజరు చంపఁబడును. పిమ్మట నొక పత్రికాసంపాదకుఁడు నాయకునిచేతనే హతుఁడగును. ఇరువురును వియత్నామునుండి వచ్చినవారే. ఆశ్రయ మొసఁగినవారు శంకించిరి. ఆ శంకకు బలియైనవారు మాత్రము ఆశ్రితులలోనివారు.

చలనచిత్రఘట్టము నవలకుఁ గీలకము. ఒక యమెరికను దర్శకుఁడు వియత్నాముయుద్ధమునుగూర్చి ఫిలిప్పైన్సులోఁ జిత్రము తీయును. మూలప్రతిలో వియత్నామువారికిఁ గేకలే కాని మాటలు లేవు. అచటి శిబిరములోని శరణార్థులు కూలికై తమ శత్రువుల వేషములే ధరింతురు. శరీరమునకుఁ జోటిచ్చి వాక్కునకుఁ జోటీయకుండుట యిచటి ధ్వని.

విభీషణఘట్టమునకును దీనికిని గల భేద మిచటఁ దెలియును. హనుమంతుఁడు లంకను గాల్చెనుగాని, విభీషణుఁడు వెడలుటకు అన్నతోడి విరోధమే హేతువు. రాముఁ డాతనికి ఋణపడియుండలేదు. కావున నభయదానము శుద్ధధర్మము. అమెరికా యన్ననో ఆ దేశమున నేండ్లతరబడి యుద్ధముచేసి, 1973లో సేనలను మరలించుకొని, తన్ను నమ్మినవారిని విడిచెను. అట్టివా రొసఁగు నాశ్రయము దానము గాదు. ఋణమునం దొక భాగము తీర్చుట. దానమునకుఁ గృతజ్ఞత నాశింపవచ్చును. బాకీ తీర్చువాఁ డాశింపరాదు. అప్పుపడినవాఁడు అప్పిచ్చినవానిఁ జూచి మొగము చాటు చేయుట లోకసహజము. శరణార్థులపై నాఁడు పొడమిన వైముఖ్యమున భయమే కాక యీ లజ్జయుఁ గలదని నవల తెలుపుచున్నది.

దోషమును లేకపోలేదు. ఆశ్రయమిచ్చిన జాతివారిలో దర్శకుఁడు, శాసనసభ్యుఁడు, ఆచార్యుఁడు మున్నగువారు హాస్యపాత్రములే. శిబిరములనుండి కుటుంబములను దమ యిండ్లకుఁ గొనిపోయిన గృహస్థులును జర్చిసంఘములును చరిత్రలోఁ గలరు. నవలలో వారికిఁ దగినచోటు లేదు. సుగ్రీవులు పలువురు గలరు, హనుమంతుఁడు లేఁడు. పరుల వాక్కును దర్శకుఁడు హరించెనని నిందించిన గ్రంథము, సమ్మతించిన యా 36 మంది వాక్కును దానును వినిపింపదయ్యెను.

అయినను గ్రంథము పఠనీయము. విభీషణఘట్టమును బాఠశాలలో బోధించునప్పుడు వచ్చినవాఁ డెట్టివాఁడను ప్రశ్న సాధారణముగా వచ్చును. ఎవరి చేఁతవలన వాఁడు దేశము విడిచెనను ప్రశ్నయు దానివెంట నడుగఁదగినదని యీ నవల నేర్పును.