ఓడ మీద రెండో బంతి

మా రెంటచింతలలో మే నెల పెళ్లంటే మొదటి బంతి ఎండ ముదరకముందే లేవాలి. పొద్దెక్కాక పందిరి కిందికి వడగాలి దూరుతుంది. అరిటాకు అంచు లేచి అన్నం మీద పడుతుంది. వడ్డనలో చేయి తిరిగినవాళ్లు ఆకు మీద నీళ్లు చిలకరించి, ఎగిరే మూల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి ముందుకు సాగిపోతారు. ఆకు మరి కదలదు.

సముద్రం మీద తిరిగే ప్రయాణికుల ఓడల్లోనూ సరిగ్గా ఇదే ఉపాయం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అలలు పెద్దవైతే అక్కడ బల్ల మీద పరిచిన గుడ్డను తడుపుతారు. పింగాణీ పళ్లెం తడిగుడ్డకు కరుచుకుంటుంది, ఓడ ఒరిగినా జారదు. పాత ఓడల్లో బల్ల అంచుకు లేపి దించే చిన్న గట్టు కూడా ఉండేది. వంటగదిలో పొయ్యి మీది గిన్నెలు దొర్లకుండా వాటి చుట్టూ కడ్డీలు అడ్డం పెడతారు. ఆ వంటగదిని ఓడవాళ్లు గ్యాలీ అంటారు. ఉప్పు నిండుకుంటే పక్క కొట్టుకు పిల్లాణ్ణి పంపే వీల్లేదు కాబట్టి, రేవు దాటకముందే ప్రతి గింజకూ లెక్క కట్టాలి.

ఈ పనితనమంతా ఒక్కచోట చూడాలంటే 2004లో ప్రయాణాలు మొదలుపెట్టిన కునార్డ్ వారి క్వీన్ మేరీ 2ను చెప్పుకోవాలి. అందులోని బ్రిటానియా భోజనశాల ఎత్తు మూడు అంతస్తులు, వెడల్పు ఓడంత. రాత్రి భోజనానికి రెండు బంతులు: ఆరింటికి ఒకటి, ఎనిమిదిన్నరకు ఒకటి. ప్రయాణం ముగిసేదాకా ఎవరి బల్ల వాళ్లదే, వడ్డించేవాళ్లూ వాళ్లే. మన బంతిలో మాగాయ ఎవరికి రెండోసారి కావాలో అడక్కుండానే తెలిసే మేనమామ ఒకడుంటాడే, అక్కడి వడ్డనగాడూ ఆ కోవవాడే. మొదటి బంతి లేచాక ఎంగిలి తీసి, గుడ్డలు మార్చి, కత్తులూ చెంచాలూ గ్లాసులూ మళ్లీ వరసలో పేర్చాలి. రెండో బంతివాళ్లు తలుపు దగ్గరికి వచ్చేసరికి, అంతకుముందు అక్కడ ఎవరో తిన్న ఆనవాలు కనబడకూడదు. నా దృష్టిలో వంటకన్నా గొప్ప విద్య ఇదే.

ఒక్క విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోదు. ఖరీదైన గదులు తీసుకున్నవాళ్లకు అదే ఓడలో వేరే భోజనశాలలున్నాయి: క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ కలిపి చాపకూడు పెట్టిన పల్నాడు మాది. కారెంపూడి వీరుల తిరునాళ్లలో మందపోరు అనే రోజున ఇప్పటికీ అది జరుగుతుంది. ఆ నేల మీద పుట్టినవాడికి గది అద్దెను బట్టి బంతి మారడం మింగుడుపడదు.

మన తీరానికి కూడా ఓడ భోజనం వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ విశాఖ రేవుకు వచ్చి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులను తీసుకెళ్లింది. 1990లో ఫ్రాన్స్‌లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో తయారైన ఈ ఓడ గ్యాలీలో ఇప్పుడు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని జైన వంట కూడా ఉడుకుతోంది. కట్టినవాళ్లు ఊహించి ఉండని వంట అది.

ఇక బట్టల సంగతి. భోజనానికో వేషమంటే మనకు వింతేమీ కాదు. మడి పాటించే ఇంట్లో చొక్కా విప్పి పట్టుపంచెతో కూర్చోవాలి, ఓడలో కోటు తొడుక్కుని కూర్చోవాలి. క్వీన్ మేరీ 2లో గాలా రాత్రులని కొన్ని ఉంటాయి. ఆ రాత్రుల్లో మగవాళ్లు నల్ల సూటు, బో టై వేసుకుంటారు, లేదా తమ దేశపు సంప్రదాయ దుస్తుల్లో రావచ్చు. అంత ఓపిక లేనివాళ్లు కింగ్స్ కోర్ట్ బఫేలో మామూలు బట్టలతో తినొచ్చు. ఓపికున్న తెలుగువాడు మాత్రం జరీ అంచు పంచె, లాల్చీ, కండువాతో బ్రిటానియాకే వెళ్లాలని నా కోరిక. పంచె కాస్త బిగించి కట్టాలి. ఓడ ఊగుతుంటే భోజనశాల మెట్లు దిగేటప్పుడు కుడిచేయి పక్కనున్న కమ్మీ మీద ఉండాలి, ఎడమచేత్తో కుచ్చిళ్లు జానెడు పైకెత్తి పట్టుకోవాలి.