కారు కదిలితే తుపాకి పేలవచ్చా?

1988 డిసెంబరులో టొరంటో పక్కనున్న మిసిసాగాలో, దొంగిలించిన కారు నడుపుతున్న మైకేల్ వేడ్ లాసన్ అనే పదిహేడేళ్ల నల్లజాతి కుర్రాడు పీల్ పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. కారు తమ మీదికొచ్చిందని పోలీసులన్నారు. తూటా మాత్రం తల వెనక తగిలింది. 1992లో జ్యూరీ నేరారోపణ ఎదుర్కొన్న ఇద్దరు అధికారులనూ నిర్దోషులుగా వదిలేసింది. ఇలాంటి మరణాలపై రేగిన ఆగ్రహం నుంచే 1990లో అంటారియోలో పోలీసుల మీద విచారణకు స్పెషల్ ఇన్వెస్టిగేషన్స్ యూనిట్ వచ్చింది.

కారే ఆయుధమని పోలీసు అంటే నమ్మాలా? ఈ విషయంలో అమెరికాది కోర్టులు చెక్కిన దారి. పారిపోతున్నాడన్న ఒక్క కారణంతో నిరాయుధుణ్ణి చంపరాదని 1985లో గార్నర్ కేసు తేల్చింది. పోలీసు బలప్రయోగాన్ని అక్కడున్న వివేకవంతుడైన అధికారి కళ్లతో చూడాలని 1989లో గ్రాహం కేసు చెప్పింది. 2014 నాటి ప్లమ్‌హాఫ్ కేసులో పారిపోతున్న కారుపై పేల్చిన 15 తూటాలు కూడా చెల్లిపోయాయి. ఇవన్నీ నష్టపరిహారపు దావాలు, కెనడాలో పోలీసు బలప్రయోగానికి హద్దులు చెప్పే సెక్షన్ 25 మాత్రం క్రిమినల్ కోడ్‌లోది. ఈ తేడా మరిచి రెంటినీ పోల్చేవాళ్లే ఎక్కువ.

కెనడా 1994లో సెక్షన్ 25ను సవరించింది. పారిపోయేవాణ్ణి ప్రాణం తీసేంత బలంతో ఆపాలంటే ప్రాణహానో తీవ్ర గాయమో తప్పించడానికి అది అవసరమన్న సహేతుక నమ్మకం ఉండాలి, ఇంతకంటే తక్కువ హింసతో ఆపే దారీ ఉండకూడదు. ఈ రెండో షరతు గ్రాహంలో కనిపించదు. అక్కడే కెనడా పైచేయి. అయితే ఆ హాని ఇప్పుడే జరగబోయేది కానక్కర్లేదు, రేపటిదైనా చాలట! ఇంత ఉదారత ఎందుకో నాకు మింగుడుపడదు.

కెనడాలోనే 2010లో నాసోగాలుయాక్ కేసు. తాగి కారు నడిపి పారిపోయిన నిందితుడి పక్కటెముకలు విరిగేలా పోలీసులు కొట్టారు. పోలీసు పనిని పరిపూర్ణతతో కొలవరాదంటూనే, ఆ దెబ్బలు మితిమీరినవేనన్న కింది జడ్జి మాటను సుప్రీంకోర్టు నిలబెట్టింది. పోలీసుల పట్ల గ్రాహం లాంటి సానుభూతే, తీర్పులో మాత్రం అంత మెతకదనం లేదు.

ఈ తీర్పులన్నిటికన్నా అంటారియో నిబంధనల్లోని చిన్న వాక్యమే నాకు విలువైనది: పారిపోయే వాహనాన్ని ఆపడానికి మాత్రమే కాల్చరాదు. తీర్పు శవం లేచాక వస్తుంది, ఈ వాక్యం తుపాకి తీయకముందే అధికారికి తెలుస్తుంది. కాకపోతే తన ప్రాణరక్షణకే కాల్చానంటే ఈ వాక్యం అడ్డురాదు.

మరి ఆ ప్రమాదంలోకి అధికారి తానే నడిచివెళ్తే? టెక్సాస్‌లో టోల్ బకాయిల పేరిట ఆపిన కారు కదలగానే ఒక అధికారి దాని మీదికెక్కి, రెండు సెకన్లలో డ్రైవరును కాల్చాడు. ఆ రెండు సెకన్లే చూస్తే చాలదు, ముందు జరిగిందీ చూడమని 2025 మేలో బార్న్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ప్రమాదాన్ని తానే కొని తెచ్చుకుంటే అది తప్పవుతుందా అన్నది మాత్రం తేల్చలేదు. సెక్షన్ 25 కూడా ఆ ప్రశ్నను నేరుగా అడగదు.