చట్టం సూచికల్లో మన ఊళ్లు ఎక్కడ?

చుండూరు అని వెతికితే చుండూరు దొరకదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పోరాడి కేసు విచారించే ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోకే తెప్పించుకున్నారు. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఇంత చరిత్ర ఉన్న ఊరి పేరుతో ఒక విద్యార్థి లా లైబ్రరీలో డైజెస్టులు తిరగేస్తే ఏ సూచికా దారి చూపదు. లోపం విద్యార్థిది కాదు, సూచికది.

న్యాయ, ప్రభుత్వ సమాచారాన్ని వెతికిపెట్టే సాధనాల్ని మేము ఒకే ఒక్క ప్రశ్నతో పరీక్షించాం. అత్యాచారానికి గురైన కుటుంబం చేతిలో ఏముంటుంది? ఊరు, తేదీ, పోలీసు స్టేషను, మహా అయితే ఎఫ్.ఐ.ఆర్. నంబరు. వాటితో లోపలికి పోగలమా? లావు, ధర, అట్ట మీద బంగారు అక్షరాలు మాకు కొలతలు కావు.

ముందు డైజెస్టుల సంగతి. చట్టాలు ఇంగ్లీషు అక్షర క్రమంలో, వాటి కింద సెక్షన్ల వరసలో ఉంటాయి. లాయరుకి ఇది పనికొచ్చే ఏర్పాటే, కాదనం. కానీ కేసుల జాబితా కక్షిదారుల పేర్లతో నడుస్తుంది. క్రిమినల్ కేసులో ఒకపక్క ప్రభుత్వం, ఇంకోపక్క ముద్దాయి. చనిపోయిన మనిషి కక్షిదారు కాడు, వాడ కక్షిదారు కాదు. కాబట్టి ముద్దాయి పేరు తెలిస్తేనే బాధితుల కేసు దొరుకుతుంది. అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చిన 2018 మార్చి 20 నాటి సుప్రీంకోర్టు తీర్పును అందరం సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసు అంటాం. అది ముద్దాయి పేరు. ఫిర్యాదు చేసిన దళిత ఉద్యోగి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి. లా రిపోర్టుల్లో అచ్చయ్యేవి ప్రధానంగా హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు. జిల్లా ప్రత్యేక కోర్టు వేసిన శిక్ష, ముద్దాయి అప్పీలుకి పోతే తప్ప పుస్తకంలోకి రాదు. ఎవరూ అప్పీలు చెయ్యని కొట్టివేత అసలే రాదు. అందుకే ఈ చట్టం కింద ముందస్తు బెయిలు, ‘పబ్లిక్ వ్యూ’, దర్యాప్తు చేసింది డి.ఎస్.పి. అవునా కాదా అన్న శీర్షికలు నిండుగా కనబడతాయి. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారిని శిక్షించే సెక్షన్ 4 కింద, పరిహారం చెప్పే నిబంధన 12(4) కింద పలచగా ఉంటాయి. డైజెస్టు లాయర్ల కోసమే కదా అని కొందరు అంటారు. నిజమే. మరి బాధితుల తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటరు కూడా లాయరే కదా!

పాత పుస్తకాలతో ప్రమాదం కూడా ఉంది. బహిరంగంగా అవమానించడం ఒకప్పుడు సెక్షన్ 3(1)(10). 2015 సవరణ చట్టం 2016 జనవరి 26న అమల్లోకి వచ్చాక అది 3(1)(ఆర్) అయింది. కులం పేరుతో దూషించడానికి 3(1)(ఎస్) విడిగా వచ్చింది. 2024 జులై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 పోయి 103 వచ్చింది. అయితే నేరం జరిగిన తేదీనాటి సెక్షనే వర్తిస్తుంది. పాత, కొత్త సెక్షన్లను పక్కపక్కన చూపే పట్టిక లేని పుస్తకం కార్యకర్తని తప్పుదారి పట్టిస్తుంది.

ఇక పోలీసు లెక్కలు. ‘క్రైమ్ ఇన్ ఇండియా’ 1953 నుంచి వస్తోంది. దళితుల మీద నేరాలకు వేరే పట్టికలున్నాయి. ఉపయోగమే. కానీ ఒక ఎఫ్.ఐ.ఆర్.లో ఎన్ని నేరాలున్నా అన్నిటికన్నా పెద్ద నేరమే లెక్కకొస్తుంది. అత్యాచారం చేసి చంపితే హత్య గడిలోనే పడుతుంది. కేసు కట్టకపోతే ఏ గడిలోనూ పడదు. ఆ అంకెని నేరాల లెక్క అనకూడదు, నమోదైన కేసుల లెక్క అనాలి.

జి.వో.లు శాఖ, నంబరు, తేదీ ప్రకారం ఉంటాయి. నంబరు తెలిస్తే జి.వో. దొరుకుతుంది. జి.వో. చేతిలో ఉంటేనే కదా నంబరు తెలిసేది! పైగా 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.వో.లను జనానికి కనబడేలా పెట్టడమే ఆపేసింది. 2024లో మళ్లీ మొదలుపెట్టింది. సర్కారు దయ మీద నిలిచే సూచిక ఎన్నాళ్లుంటుంది?

మా పరీక్షలో కాస్త నిలబడినవి రెండు. 2008లో వచ్చిన ఇండియన్ కానూన్ తీర్పుల మొత్తం పాఠంలో ఉచితంగా వెతకనిస్తుంది. ఊరి పేరు తీర్పు లోపల ఉంటే దొరుకుతుంది. కాకపోతే చుండూరుని ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాశారు, అన్నీ ప్రయత్నించాలి. రెండోది ఈ-కోర్ట్స్. పోలీసు స్టేషను, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, సంవత్సరం ఇస్తే కేసు ఎక్కడుందో చెబుతుంది. బాధితుల చేతిలో ఉన్న కాగితంతో తెరుచుకునే తలుపు ఇదే. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆ నకలు పుచ్చుకోకుండా స్టేషను మెట్లు దిగొద్దు. కంప్యూటర్లలోకి ఎక్కని పాత కేసులు మాత్రం అక్కడా ఉండవు.

మిగిలింది మనం చెయ్యాల్సిన పని. ప్రతి మండలంలో ఒక రిజిస్టరు పెడదాం. ఊరు, ఇంగ్లీషులో ఆ ఊరిపేరు రాసే రకాలు, తేదీ, స్టేషను, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, సెక్షన్లు, కోర్టు, ముద్దాయిల పేర్లు, పరిహారం ఎప్పుడు ఎంత వచ్చింది, తీర్పు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు రాయొద్దు, చట్టమూ ఒప్పుకోదు. సెక్షన్ 15ఎ ప్రకారం బెయిలు విచారణతో సహా కోర్టులో జరిగేదాని గురించి బాధితులకు ముందుగా తెలియజెయ్యాలి. తెలియజేశారో లేదో రాసుకోవడానికి కూడా ఒక గడి పెట్టండి. టీచర్లు, విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తే అయ్యే పనే. ఊరి పేరుతో మొదలయ్యే సూచిక మనమే రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.