ఒక్క రికార్డింగు చాలదు: జాన్ ఫౌల్డ్స్ ఆర్కెస్ట్రా సంగీతం

1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. 1971 దాకా ఆ పెట్టెకు మళ్ళీ లోపలికి దారి దొరకలేదు. శ్రుతిభేదాలు పలకదు, గమకం పట్టదు అన్నది దాని మీద అభియోగం. ఈ వాదనను ముందే గట్టిగా వినిపించినవాళ్ళలో ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన ఒక ఇంగ్లీషాయన ఉన్నాడు. పేరు జాన్ ఫౌల్డ్స్. నిషేధం వచ్చేసరికి ఆయన లేడు. 1939 ఏప్రిల్‌లో కలకత్తాలో కలరా సోకి పోయాడు. ఆయన రాసిన ఆర్కెస్ట్రా సంగీతం మాత్రం నేటికీ కచేరీల్లో అరుదుగానే వినిపిస్తుంది. కొత్త రికార్డింగుల కోసం ఎదురుచూడాల్సిన సంగీతకారుల జాబితా రాస్తే, మనవాళ్ళు మొదట రాయాల్సిన పేరు ఆయనదే.

ఫౌల్డ్స్ 1880లో మాంచెస్టర్‌లో పుట్టాడు. తండ్రి హాలే ఆర్కెస్ట్రాలో బసూన్ వాయించేవాడు. కొడుకు అదే ఆర్కెస్ట్రాలో, హాన్స్ రిక్టర్ నడిపిన రోజుల్లో, చెల్లో పట్టాడు. అలా వాగ్నర్ కాలపు భారీ రొమాంటిక్ ఆర్కెస్ట్రా ఆయనకు లోపలి నుంచే తెలుసు. మొదటి ప్రపంచయుద్ధ మృతుల కోసం రాసిన ‘వరల్డ్ రిక్వియం’ 1923లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో మోగింది. 1926 దాకా ఏటా యుద్ధవిరమణ దినాన పాడి, తర్వాత పక్కన పెట్టేశారు. బెర్నార్డ్ షా ‘సెయింట్ జోన్’ నాటకానికి సంగీతం కట్టాడు. ‘కెల్టిక్ లామెంట్’ లాంటి తేలికపాటి బాణీలు జనంలోకి వెళ్ళాయి. అసలు పని అల్మారాలో ఉండిపోయింది.

ఆ అసలు పనికి మూలం ఆయన భార్య మాడ్ మెకార్తీ. ఈ ఐరిష్ వయొలిన్ విద్వాంసురాలు అనీబిసెంట్‌తో కలిసి భారతదేశం వచ్చి, ఇక్కడి సంగీతం నేర్చుకుని, ఇంగ్లండ్‌లో సోదాహరణంగా ఉపన్యసించేది. ఆమె వల్లే ఫౌల్డ్స్‌కు మన మేళకర్తలు తెలిశాయి.

వాటితో ఆయన చేసిన పని గమనించదగ్గది. రొమాంటిక్ సింఫనీ ముందుకు కదిలేదే శ్రుతి మార్చుకుంటూ. ఒక షడ్జం నుంచి ఇంకో షడ్జానికి జరుగుతూ, దూరం వెళ్ళి తిరిగి ఇల్లు చేరడంలోనే దాని ఉత్కంఠ అంతా. ఫౌల్డ్స్ ఆ తలుపు మూసేశాడు. ‘త్రీ మంత్రాస్’లో మూడోదాన్ని దక్షిణ భారత మేళం ఒకదానిలోనే రాశాడు. మెలొడీ, హార్మొనీ రెండూ ఆ ఏడు స్వరాల్లోంచే రావాలి. పారిపోయే దారి లేదు గనుక బలమంతా లయలోంచీ వాద్యాల రంగుల్లోంచీ పుట్టాలి. వినేవాళ్ళకు ఆ మూడో మంత్రం ఊపిరాడనివ్వని జోరుగా తోస్తుంది. ఈ మంత్రాలు ‘అవతార’ అనే ఒపేరా కోసం రాసిన పూర్వరంగాలు. ఒపేరాను ఆయన మధ్యలో వదిలేశాడు, ఇవి మాత్రం మిగిలాయి.

ఇది రాగం కాదు. గమకాలు లేవు, సంచారాలు లేవు, జీవస్వరాల ఊసు లేదు. ఆయన తీసుకున్నది మేళం పెట్టే కట్టడి. ఆ తేడా మరిచి ‘ఇంగ్లీషు రాగం’ అని మురిసిపోతే ఆయనకూ అన్యాయమే, రాగానికీ అన్యాయమే.

రెండో పద్ధతి క్వార్టర్ టోన్లు, అంటే పియానోలో పక్కపక్క మెట్ల మధ్య ఉండే దూరంలో సగం. 1905లో రాసిన చెల్లో సొనాటాలోనే వీటిని వాడాడు. 1929 నాటి ‘డైనమిక్ ట్రిప్టిక్’ పియానో కాన్సెర్టో రెండో భాగంలో తీగవాద్యాల స్వరసముదాయాలు ఆ సూక్ష్మ దూరాల మీదుగా జారుతాయి. పియానో మెట్లు మాత్రం కట్టిన శ్రుతి దాటలేవు. హార్మోనియం మీద తర్వాత ఆయన మోపిన నేరం పియానోదీ కాదా? నిజమే. ఆ లోపాన్ని దాచకుండా, కదలని వాద్యాన్నీ కదిలే వాద్యాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి దాన్నే అందంగా మలిచాడు.

కొత్త రికార్డింగుల అవసరం సరిగ్గా ఇక్కడే ఉంది. క్వార్టర్ టోను వెంట్రుకవాసి తప్పితే అపశ్రుతిలా వినిపిస్తుంది. రిహార్సల్ చాలని వాయింపు ఈ సంగీతాన్ని ఇట్టే చెడగొడుతుంది. 1970లలో మాల్కం మెక్‌డొనాల్డ్ చేతిరాతలు వెతికి పుస్తకం రాసిన తర్వాతే దీని మీద మళ్ళీ చూపు పడింది. లిరిటా సంస్థ వెర్నన్ హాండ్లీతో ట్రిప్టిక్‌నూ, బారీ వర్డ్స్‌వర్త్‌తో మంత్రాలనూ రికార్డు చేయించింది. 2004, 2006లలో సకారి ఒరమో బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రాతో రెండు ఆల్బంలు తెచ్చాడు. 2007లో లియోన్ బాట్‌స్టైన్ ‘వరల్డ్ రిక్వియం’ను అదే ఆల్బర్ట్ హాలులో మళ్ళీ మోగించాడు. అన్నీ మెచ్చదగ్గవే. కానీ త్యాగరాజ కృతి ఒక్కరి గొంతులోనే నిలిచిపోయి ఉంటే అది ఆ గాయకుడి పాటే అయ్యేది. నాలుగు బాణీల్లో విన్నాకే కృతిది ఏదో, గాయకుడిది ఏదో తేలుతుంది. ఫౌల్డ్స్‌కు ఆ అవకాశం ఇంకా రాలేదు.

భారతదేశంలో రాసినవాటిలో ‘సింఫనీ ఆఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్’ పోయింది. మన వాద్యాలనూ పాశ్చాత్య వాద్యాలనూ కలిపి కట్టిన ఆ రచనను ఇక ఏ కండక్టరూ తెచ్చి ఇవ్వలేడు. ఉన్నదాన్నయినా కాపాడుకోవాలి.

2006 నుంచి ముంబైలో మనకు సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. మూడు మంత్రాలనూ అది రికార్డు చేయాలి. మేళకర్తల మీద పట్టున్న కర్ణాటక విద్వాంసుణ్ణి ఒకరిని రిహార్సల్స్‌లో కూర్చోబెట్టుకుని మరీ చేయాలి. ఈలోగా పాఠకులు ఒరమో ఆల్బంలో మూడో మంత్రం విని చూడండి. ఏ మేళమో పట్టుకునే పని మన విద్వాంసులకు వదిలేద్దాం.