గుండె లయను దిద్దిన మందు

పట్టికలను చదువుటయే వృత్తిగా గలవారికి ఒక అభ్యాసము తక్కిన అన్నిటికంటె కఠినము: రెండు అంశములు జంటగా పెరుగుచు జంటగా తరుగుచుండుట చూచినప్పుడు, మొదటిదానిని అణచినచో రెండవదియు అణగునని త్వరపడు మనస్సును నిలువరించుట. విద్యార్థులకు ఈ సంగతి బోధించునపుడెల్ల నేను హృద్రోగ చికిత్సా చరిత్రలోని ఒక ఘట్టమునే చెప్పుదును. ఎన్నిమారులు చెప్పినను నా గొంతు స్థిమితముగా నుండదు.

గుండెపోటునుండి తేరుకొన్నవారిలో కొందరికి జఠరికలనుండి నడుమ నడుమ అకాల స్పందనలు పుట్టుచుండును, ఇ.సి.జి.లో అవి తరచుగా కనిపించినవారు అధికముగా హఠాన్మరణము పాలగుచుండిరి. ఇది కాకతాళీయమని త్రోసివేయదగినది కాదు. పలు పరిశీలనలలో నిలిచిన సత్యము. కావుననే ఆ స్పందనలను అణచినచో ప్రాణములు నిలుచునని తలచి, 1980ల దశకమున అమెరికా వైద్యులు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులను సద్బుద్ధితోనే వ్రాయుచు వచ్చిరి.

1987లో 'కాస్ట్' అను పరీక్ష ఆరంభమైనపుడు, ప్రాణరక్షకమైన మందును సగము మందికి ఇయ్యకుండుట ధర్మమా యని శంకించిన వైద్యులును కలరు. మందువలన ఎవరి అకాల స్పందనలు నిజముగా అణగెనో వారినే ఎంచి, చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు ఆ మందును, రెండవదానికి చూపునకు అట్టిదే యగు ఉత్త మాత్రను ఇచ్చిరి. 1989 ఏప్రిలులో ఆ రెండు మందులను నిలిపివేయవలసి వచ్చెను. సగటున పదినెలలలో, మందు పుచ్చుకొన్న 755 మందిలో 63 మందియు, ఉత్త మాత్ర పుచ్చుకొన్న 743 మందిలో 26 మందియు మరణించిరి.

ఆ సంఖ్యల అంతరముకంటె నన్నెక్కువగా కలచునది, దానిని ఏ వైద్యుడును తన రోగి శయ్యప్రక్కన నిలిచి కనుగొనజాలకుండుట. ఇ.సి.జి. ప్రశాంతముగా నుండును, మందు పనిచేయుచున్నదని రోగియు వైద్యుడును సంతసింతురు, అటుపై ఒకనాడు రోగి కన్నుమూసినచో, దెబ్బతిన్న గుండెగదా, ఈ మందే లేకున్న ఇంకను ముందే పోయెడివాడని ఇంటివారు సమాధానపడుదురు. మచ్చపడిన హృదయ కండరమే అకాల స్పందనలకును మరణమునకును ఉమ్మడి మూలము కావచ్చును. స్పందనను మాన్పినంత మాత్రమున మచ్చ మానదు, పైగా అట్టి కండరమున ఈ మందులే మారకమైన లయభంగమును రేపగలవు. ఎన్ని వేల ఇ.సి.జి.లను సేకరించినను కేవల పరిశీలన ఈ భేదమును చెప్పజాలదు. మందు ఎవరికి చేరవలెనో వైద్యుని ఇష్టమునకు గాక చీటికి విడిచినప్పుడే అది బయల్పడెను.

తరువాత ఎన్‌కైనైడ్ విపణినుండి తొలగెను. ఫ్లెకైనైడ్ నేటికిని కొన్ని ఇతర లయభంగములకు వాడుకలో నున్నది, గుండెపోటు వచ్చినవారికి ఇయ్యరాదను హెచ్చరికతో.