సీటు రాకపోతే సైకాలజీయా?

నీట్ ఫలితాలు వచ్చిన వారంలో తెలిసినవాళ్ల నుంచీ, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్ల నుంచీ నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, పాపకు ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. సైకాలజీలో చేర్పిద్దామా? అదీ డాక్టరు పనే కదా?" అని అడుగుతారు. రెండేళ్లు బైపీసీ, ఆపైన లాంగ్‌టర్మ్, హాస్టలు ఫీజులు, ఆదివారం పరీక్షలతో ఇంటిల్లిపాదీ అలిసిపోయి ఉంటారు. పిల్లకు ఏదో ఒక దారి చూపాలన్న ఆరాటం వాళ్లది. క్లినికల్ సైకాలజిస్టుగా ఇన్నేళ్లుగా సైకియాట్రిస్టులతో కలిసి ఒకే విభాగంలో పనిచేస్తున్న నాకు మాత్రం ఆ ప్రశ్న మనసుకు కష్టంగానే ఉంటుంది. ఒకదాంట్లో సీటు రానివాళ్లకు మిగిలిన చదువుగా రెండోదాన్ని చూడటం రెండు వృత్తులకూ అన్యాయం. ఆ వృత్తులవాళ్ల గదుల ముందు వంతు కోసం కూర్చునే రోగులకు ఇంకా పెద్ద అన్యాయం.

సైకియాట్రిస్టు ముందు వైద్యుడు. నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్సీ, మళ్లీ నీట్ పీజీ, ఆ తర్వాత మూడేళ్ల ఎం.డి. లేదా డీఎన్‌బీ. ఇంటర్ అయ్యాక కనీసం ఎనిమిదిన్నరేళ్లు. లేబరు రూములో, క్యాజువాలిటీలో నిద్రలేకుండా గడిపిన రాత్రులు మనసు వైద్యానికి ఎందుకని కొందరు అడుగుతారు. జవాబు కావాలంటే ఆర్థోపెడిక్ వార్డుకు వెళ్లి చూడాలి. కాలు విరిగి చేరిన మనిషి మూడో రాత్రి ఉన్నట్టుండి గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెడతాడు. వంటి మీది కట్లు పీక్కుంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. కబురందుకుని వచ్చిన సైకియాట్రిస్టు నాడి చూసి, చేతుల వణుకు చూసి, ఈయన రోజూ తాగుతారా అని భార్యను పక్కకు పిలిచి అడుగుతారు. ఏళ్లతరబడి తాగిన మనిషికి ఆసుపత్రిలో చేరడంతో మందు ఒక్కసారిగా ఆగిపోయింది. అందువల్ల వచ్చిన డెలీరియం అది. సకాలంలో పట్టుకోకపోతే ప్రాణం పోతుంది. అలాగే థైరాయిడ్ మందగించినా, బి12 బాగా తగ్గినా మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపించవచ్చు. మనసు బాధలా కనిపించే దాని వెనక శరీరం ఉందేమో కనిపెట్టడం సైకియాట్రిస్టు మొదటి బాధ్యత.

రెండో బాధ్యత మందు. బైపోలార్ జబ్బుకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. ఇప్పటికీ దానికి సాటివచ్చేవి తక్కువే. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా కొంచెం. రక్తంలో దాని మట్టం చూస్తుండాలి, కిడ్నీలు చూడాలి, థైరాయిడ్ చూడాలి. వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు క్లోజపిన్ ఇస్తే తెల్లరక్తకణాలను లెక్కపెడుతూ ఉండాలి. చావాలనిపిస్తోందన్న కుర్రాణ్ని ఈ రాత్రి వార్డులో ఉంచాలా, తల్లి వెంట ఇంటికి పంపాలా అన్నది సగం సమాచారంతోనే, పది నిమిషాల్లో తేల్చాలి. బయట ఓపీ నిండా జనం ఉంటారు. ఆ నిర్ణయం బరువు మోయగలిగినవాళ్లే ఈ వృత్తిలో నిలబడతారు.

ఇక మా సైకాలజిస్టుల గది. ఇన్నాళ్లూ ఉన్న దారి ఇది: డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన చోట రెండేళ్ల ఎం.ఫిల్. మొత్తం ఏడేళ్లు. ఆ చివరి రెండేళ్లూ రోగుల మధ్యే గడుస్తాయి. రాసిన ప్రతి రిపోర్టునూ, నడిపిన ప్రతి సెషన్‌నూ పెద్దవాళ్ల ముందు పెట్టి విమర్శ వినాలి. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా ఉన్న రోజుల్లోనే, 1955లో, ఈ తరహా శిక్షణ మొదలైంది.

మేం "మాట్లాడి పంపిస్తాం" అనుకుంటారు. ఆ మాటల వెనకున్న పనిని, ఒకే భయం ఒకే పనిని పదేపదే చేయించే ఓసీడీ జబ్బులో చూడవచ్చు. గిన్నెలు తోమిన చేతులు గంటసేపు కడుక్కునే ఇల్లాలిని ఇంట్లోవాళ్లు ఏళ్లతరబడి మడి మనిషి అనుకుని సర్దుకుపోతారు. భర్త బజారు నుంచి రాగానే గుమ్మంలోనే బట్టలు మార్చుకుంటాడు. "శుభ్రంగానే ఉందమ్మా" అని కూతురు రోజుకు వందసార్లు చెబుతుంది. చికిత్సలో ముందు ఆమెతో కలిసి భయాల పట్టిక రాస్తాం. తలుపు గొళ్లెం, చెప్పుల స్టాండు, బస్సులో పట్టుకునే కడ్డీ, చెత్తబుట్ట మూత, ఇలా తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా. తర్వాత ఒక్కొక్కటే ముట్టుకుని చేతులు కడుక్కోకుండా కూర్చోవాలి. గుండె దడదడలాడుతుంది, చెమట పోస్తుంది, ఏడుపొస్తుంది. మేం పక్కనే ఉంటాం, ధైర్యం చెప్పి ఆ భయాన్ని చల్లార్చే పని మాత్రం చెయ్యం. కాసేపటికి భయం దానంతటదే దిగుతుంది. దిగుతుందన్న సంగతి ఆమె శరీరానికి అనుభవంలోకి రావాలి. కూతురి చేత ఆ వందసార్ల జవాబు మాన్పించడమూ చికిత్సలో భాగమే. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆమెకు సైకియాట్రిస్టు మందు కూడా ఇవ్వవచ్చు. ఓసీడీలో ఆ మందు పూర్తిగా పనిచేసేదీ లేనిదీ తేలడానికే రెండు మూడు నెలలు కావాలి. ఈ రెండు చికిత్సలూ కలిసి నడిచినప్పుడు ఆ ఇంటి ఉదయాలు మారిపోవడం నేను కళ్లారా చూశాను.

పరీక్షలు చెయ్యడం మా చేతిలోని ఇంకో విద్య. తెలుగు ఇంట్లో పెరిగి ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి చదివే పిల్లవాడు చదవలేకపోతున్నాడంటే అది భాష కొత్తదనమా, చూపు లోపమా, వినికిడి లోపమా, డిస్లెక్సియానా, తెలివితేటల మందగింపా? బినే-కామత్ వంటి పరీక్ష పెట్టి, అంకె ఒకటి రాసేసి పంపితే సరిపోదు. పిల్లవాడు ఏ ప్రశ్నకు ఎలా తడబడ్డాడో చూడాలి, తల్లితో, టీచరుతో మాట్లాడాలి. ఆ కాగితం మీద రాసిన మాట ఆ పిల్లవాడి వెంట ఏళ్లపాటు వస్తుంది. మందుల చీటీ ఎంత బాధ్యతో, ఆ రిపోర్టూ అంతే బాధ్యత.

చట్టం కూడా ఈ ఇద్దరినీ కలిపే చూసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్న రోగిని, అతని నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తుపై చేర్చుకోవాలంటే ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు. రెండోవారు క్లినికల్ సైకాలజిస్టు వంటి మానసిక ఆరోగ్య నిపుణులు కావచ్చు, వేరే వైద్యుడూ కావచ్చు. చరిత్ర చూసినా అంతే. నేడు సైకాలజిస్టులు ఎక్కువగా వాడే కాగ్నిటివ్ థెరపీని రూపొందించిన ఆరన్ బెక్ సైకియాట్రిస్టు. ఆయన కన్నా ముందే ఆ బాట తొక్కిన ఆల్బర్ట్ ఎల్లిస్ సైకాలజిస్టు.

సంపాదన సంగతి దాచకుండా చెప్పాలి. సైకియాట్రిస్టు ఒక పూటలో ఎందరినో చూడగలరు. మాకు ఒక్కొక్కరికీ ముప్పావుగంట పైనే పడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మా పోస్టులు తక్కువ. మొదటి కొన్నేళ్లు సైకాలజిస్టుకు గట్టి ఇబ్బందే. విదేశాల ఆలోచన ఉన్నవాళ్లు అక్కడి నియమాలు ముందే చూసుకోవాలి. అమెరికాలో సైకాలజిస్టుగా స్వతంత్రంగా పనిచేయాలంటే సాధారణంగా డాక్టరేట్ అడుగుతారు, సైకియాట్రిస్టు అయితే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు రాసి అక్కడ నాలుగేళ్ల రెసిడెన్సీ చెయ్యాలి.

ఇంకో హెచ్చరిక. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. డిగ్రీని ఆపేసి, క్లినికల్ సైకాలజీకి 2025-26 దాకా గడువిచ్చింది. కోర్సుల పేర్లు మారుతున్న కాలం ఇది. చేరేముందు ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో ఎవరికి వారు చూసుకోవాలి. కొన్ని నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టేసినవాళ్ల దగ్గర తిరిగి తిరిగి, జబ్బు ముదిరాక మా దగ్గరికి వచ్చిన కుటుంబాలను చూస్తే నాకు దుఃఖం వస్తుంది. రోగుల బంధువులు కూడా మొహమాటపడకుండా అడగవచ్చు: "మీ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి" అని. సరైన శిక్షణ పొందినవాళ్లెవరూ ఆ మాటకు నొచ్చుకోరు.

ఇద్దరి అవసరమూ చాలా ఉంది. 12 రాష్ట్రాల్లో నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కల్లో, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని 1996లో ప్రారంభించినప్పుడు తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఆ కార్యక్రమం ఊహించిన బృందంలో సైకియాట్రిస్టూ ఉన్నారు, క్లినికల్ సైకాలజిస్టూ ఉన్నారు. ఒకరి పని ఇంకొకరు చేసేస్తారులే అనుకుని ఆ బృందాన్ని రూపొందించలేదు.

అందుకే పిల్లలతో నేనిలా అంటాను. శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న ఆసక్తి, తొందరలో కూడా చెదరని బుద్ధి ఉంటే ఎంబీబీఎస్ కోసం మరో ఏడాది కష్టపడటం సబబే. ఎం.డి.లో సైకియాట్రీ తీసుకుంటే ఇంట్లోవాళ్లు ముఖం ముడిచినా సరే, వెనక్కి తగ్గొద్దు. ఒకే మనిషితో ఇరవై వారాలు కూర్చుని, ఫలితం కనిపించని రోజున కూడా అంతే శ్రద్ధగా వినగలిగితే, నీట్‌లో మంచి ర్యాంకు చేతిలో ఉన్నా సైకాలజీకే రండి. ఈ రెండు చదువులకూ మంచి విద్యార్థులే కావాలి, కోరి వచ్చినవాళ్లే కావాలి.