ఎక్కని పాదరసం

బారోమీటరులో పాదరసం దిగిందని ఎవరైనా చెప్తారు. ఎందుకు దిగిందో పసిగట్టడమే పనితనం. ఉష్ణమండల సముద్రాల మీద గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది: పగలూ రాత్రీ పది ప్రాంతంలో ఎక్కువ, నాలుగు ప్రాంతంలో తక్కువ. ఇది తెలియనివాడు రోజూ సాయంత్రం తుపానొచ్చేస్తోందని కంగారుపడతాడు. (పడనివ్వండి, ఆ తప్పు ప్రాణం తీయదు.) బంగాళాఖాతంలో ఆరితేరిన నావికుడు నిన్న ఇదే వేళకు ఎంతుందో చూసుకునేవాడు. పదింటికి ఎక్కాల్సిన పాదరసం ఎక్కలేదా, ఆకాశం తేటగా ఉన్నా నమ్మేవాడు కాదు. గాలికి వీపు పెట్టి నిలబడేవాడు. ఉత్తరార్ధగోళంలో అలా నిలబడినవాడికి తుపాను కేంద్రం ఎడమచేతి వైపే ఉంటుంది. 'సైక్లోన్' అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని శోధించింది ఇలాంటి నావికులు రాసిన ఓడ దినచర్య పుస్తకాలనే.